కలరా బాక్టీరియాలో మందుల నిరోధకత: వ్యవసాయ విస్తరణ రంగం బాధ్యత

కోస్తా ఆంధ్రలో కలరాను మరిడి అనీ, తెలంగాణలో గత్తర అనీ పిలిచేవారు. గోదావరి జిల్లాల్లో మరిడమ్మ పేరుతో వెలసిన గుళ్లు నాటి భయానికి నేటికీ సాక్ష్యాలు. ఆ పీడ బయటి నుంచి వచ్చి ఊరి మీద పడుతుందనీ, దానిని పొలిమేర దగ్గరే నిలువరించాలనీ ప్రజలు నమ్మేవారు. ఆ నమ్మకంలో సగం నిజముందని నేటి జన్యుశాస్త్రం చెబుతోంది. పెద్ద ఎత్తున ప్రబలే కలరా వంశాలు దేశాలు దాటి ప్రయాణించేవే. మిగిలిన సగం విస్తరణ శాస్త్రవేత్తలకు మరింత ముఖ్యమైనది. మందులకు లొంగకుండా చేసే జన్యువుల్లో అధిక భాగాన్ని ఆ వంశాలు తమంతట తాము తయారు చేసుకోవడం లేదు. దారిలో తారసపడే ఇతర బాక్టీరియాల నుంచి అందుకుంటున్నాయి. ఆ ఇచ్చిపుచ్చుకోవడం రోగి పేగులోనే కాక నీటిలోనూ జరుగుతుంది.

ఆ నీటిలో వ్యవసాయానికి వాటా ఉంది. వరి మడి మీద పిచికారీ చేసిన మందు, రొయ్యల చెరువులో మేతతో కలిపి వేసిన మందు, కోళ్ల ఎరువులో మిగిలిపోయిన మందు చివరకు చేరేది మురుగు కాలువలకు, ఉప్పుటేరులకే. అందువల్ల కలరాలో యాంటీబయాటిక్ నిరోధకత కేవలం వైద్యశాఖ వ్యవహారమని వ్యవసాయ విస్తరణ రంగం పక్కకు తప్పుకోవడం సమంజసం కాదు.

అరువు తెచ్చుకున్న లక్షణాలు

విబ్రియో కలరే నదీముఖాల్లో, ఉప్పునీరూ మంచినీరూ కలిసే తావుల్లో సహజంగా నివసించే బాక్టీరియా. కోపిపాడ్‌లనే సూక్ష్మ జలచరాల పైపెంకును అంటిపెట్టుకొని జీవిస్తుంది. బంగ్లాదేశ్‌లోని మత్లబ్ ప్రాంతంలో పాత చీరను మడతలు పెట్టి తాగునీటిని వడకట్టుకున్న గ్రామాల్లో కలరా దాదాపు సగానికి తగ్గిందని రీటా కాల్వెల్ బృందం 2003లో ప్రకటించింది. బాక్టీరియా చీర పోగుల సందుల్లోంచి జారిపోగలదు గాని, అది అంటిపెట్టుకున్న కోపిపాడ్ జారిపోలేదు.

ఈ జాతిలో రెండు వందలకు పైగా సీరోగ్రూపులున్నా, మహమ్మారి స్థాయిలో వ్యాధిని కలిగించినవి ఓ1, ఓ139 అనే రెండే. కలరా లక్షణాలకు మూలం బాక్టీరియా విడుదల చేసే ఒక విషమని కలకత్తా శాస్త్రవేత్త శంభునాథ్ డే 1959లో నిరూపించారు. ఆ విషాన్ని తయారుచేసే జన్యువులు ఒక ఫేజ్ ద్వారా, అంటే బాక్టీరియాకు సోకే వైరస్ ద్వారా, వచ్చి చేరాయని 1996లో మాథ్యూ వాల్డర్, జాన్ మెకలనోస్ వెల్లడించారు. పేగు గోడను ఆక్రమించడానికి బాక్టీరియాకు తోడ్పడే సన్నని తంతువులే ఆ ఫేజ్‌కు ప్రవేశద్వారం కావడం గమనార్హం. 2000లో ఎల్ టార్ రకానికి చెందిన పూర్తి జన్యుపటం వెలువడింది. సుమారు 40 లక్షల క్షార జంటలు రెండు క్రోమోజోములలో అమరి ఉన్నాయనీ, వాటిలో చిన్నదాని మీద పరాయి జన్యువులను పోగుచేసుకునే విశాలమైన భాగం ఉందనీ అది తేటతెల్లం చేసింది.

ఈ తీరు ఆక్వా విద్యార్థులకు కొత్తది కాదు. రొయ్య పిల్లలను తొలి వారాల్లోనే తుడిచిపెట్టే ఈఎంఎస్ వ్యాధికి కారణం విబ్రియో పారాహీమోలిటికస్ అని 2013లో తేలింది. ఆ జాతి బాక్టీరియా అంతా ఆ వ్యాధిని కలిగించదు. రెండు విష జన్యువులను మోసే ఒక ప్లాస్మిడ్ చేరినదే రొయ్య కాలేయాన్ని ధ్వంసం చేస్తుంది. మనిషికి కలరా తెచ్చే విబ్రియో, రొయ్యకు చావు తెచ్చే విబ్రియో ఒకే ప్రజాతికి చెందినవి. రెండూ తమ మారణశక్తిని అరువు తెచ్చుకున్నవే.

అరువుకు అనువైన చోటు ఏదన్న ప్రశ్నకూ సమాధానం లభించింది. రొయ్య, పీత, కోపిపాడ్ పెంకులలో ఉండే కైటిన్ మీద పెరిగేటప్పుడు విబ్రియో కలరే చుట్టుపక్కల నీటిలోని డీఎన్‌ఏను నేరుగా లోపలికి తీసుకోగలదని 2005లో పరిశోధకులు చూపారు. పొరుగు బాక్టీరియాను చంపి, దాని నుంచి వెలువడిన డీఎన్‌ఏను స్వీకరించగలదని 2015లో మరో బృందం నిరూపించింది.

మద్రాసు పాఠం

1992 చివరలో మద్రాసులో కలరా ప్రబలినప్పుడు రోగుల నుంచి వేరుచేసిన బాక్టీరియా అప్పటివరకు తెలిసిన ఓ1 ప్రతిరక్షకాలకు స్పందించలేదు. దానికి ఓ139 అని పేరు పెట్టారు. బంగాళాఖాతం తీరం వెంబడి అది బంగ్లాదేశ్ వరకు వేగంగా పాకింది. పాత కలరా వల్ల రక్షణ ఏర్పడిన పెద్దవారినీ అది వదలలేదు. బాహ్య కవచాన్ని నిర్మించే జన్యువులు మారిపోయిన ఎల్ టార్ సంతతే అదని తర్వాత తెలిసింది.

ఆ నమూనాలలో మరో విశేషం బయటపడింది. సల్ఫామెథాక్సజోల్, ట్రైమెథోప్రిమ్, క్లోరాంఫెనికాల్, స్ట్రెప్టోమైసిన్ అనే నాలుగు మందులను తట్టుకునే జన్యువులు ఒకే మూటగా, క్రోమోజోమ్‌లో ఇమిడిపోయి కనిపించాయి. అవసరమైనప్పుడు ఆ మూట క్రోమోజోమ్ నుంచి విడివడి మరో బాక్టీరియాలోకి వెళ్లి అక్కడా ఇమిడిపోగలదు. ఎస్‌ఎక్స్‌టీ మూలకమని పిలిచే ఈ మూట కొద్ది సంవత్సరాల్లోనే ఓ1 ఎల్ టార్ వంశాల్లోకి ప్రవేశించి ఆసియా అంతటా స్థిరపడింది. ఓ139 క్రమంగా వెనుకబట్టింది. అది లోకానికి చూపిన మూట మాత్రం మిగిలిపోయింది.

ఆ నాలుగు మందుల్లో స్ట్రెప్టోమైసిన్‌ను కలరాకు ప్రధాన ఔషధంగా ఎవరూ వాడరు. అయినా ఆ నిరోధకత మూటలో భాగం. ఒక మందు వాడితే మూట మొత్తం నిలుస్తుంది. మూటలోని మిగతా మందులన్నీ దానితోపాటు పనికిరాకుండా పోతాయి. పొలంలో వాడే మందు వేరు, ఆసుపత్రిలో వాడే మందు వేరు అనే వాదన ఇక్కడే వీగిపోతుంది.

ఊరట కలిగించే అంశమూ ఉంది. 1990ల చివరలో సేకరించిన ఓ139 నమూనాలలో ఆ మూటలోని నిరోధక జన్యువులు కొన్ని తొలగిపోయి కనిపించాయి. నిరోధకత ఒకసారి వస్తే శాశ్వతమని నిరాశ పడనవసరం లేదు.

హైతీ, యెమెన్

2010 అక్టోబరులో హైతీలో కలరా మొదలైనప్పుడు తొలుత దెబ్బతిన్నది ఆర్టిబొనీట్ నదీ లోయ. అది ఆ దేశానికి వరి అందించే ప్రాంతం. నది నీటినీ కాలువ నీటినీ తాగే రైతుకూలీలు తొలి బాధితులలో ఉన్నారు. ఎనిమిది లక్షల మందికి పైగా వ్యాధి బారిన పడగా, దాదాపు పదివేల మంది మరణించారు. జన్యుక్రమాలను పోల్చినప్పుడు హైతీ బాక్టీరియా, అదే ఏడాది నేపాల్‌లో సేకరించిన బాక్టీరియా దాదాపు ఒక్కటేనని తేలింది. దాని విష జన్యువులోని ప్రత్యేకమైన మార్పును 2007లో ఒడిశాలో ప్రబలిన కలరాలో అప్పటికే గుర్తించి ఉన్నారు. ఎస్‌ఎక్స్‌టీ మూట కూడా దానితో ఉంది. సిప్రోఫ్లోక్సాసిన్ ప్రభావాన్ని తగ్గించే ఉత్పరివర్తనాలు కూడా ఉన్నాయి. దక్షిణాసియా నీటిలో రూపుదిద్దుకున్న లక్షణాలు సముద్రాలు దాటి మరో ఖండంలోని వరి రైతును బలిగొన్నాయి.

యెమెన్ అనుభవం మరింత లోతైనది. 2016లో అక్కడ మొదలైన వ్యాధి ఆధునిక చరిత్రలో అతిపెద్ద కలరా విపత్తుగా పరిణమించింది. తొలి రెండేళ్ల నమూనాలు సాధారణంగా వాడే పలు మందులకు లొంగేవే. గర్భిణులకు, పిల్లలకు ఎరిత్రోమైసిన్, అజిత్రోమైసిన్ వంటి మాక్రోలైడ్ మందులు విస్తారంగా ఇచ్చారు. 2018లో ఆ మందులతోపాటు మరికొన్నిటినీ తట్టుకునే జన్యువులను మోసే ఇంక్-సి తరగతి ప్లాస్మిడ్ చేరిన ఉపవంశం తలెత్తి, త్వరలోనే ఆధిపత్యం సాధించింది. 2018, 2019 సంవత్సరాలకు చెందిన 260 నమూనాల జన్యుక్రమాలను విశ్లేషించిన అధ్యయనం 2023లో వెలువడింది. వాటిలో 16 శాతం మహమ్మారి వంశానికి చెందనివి, విషం తయారు చేయలేనివి. ఆ సాధారణ విబ్రియోలలో కూడా అదే ప్లాస్మిడ్ కనిపించింది. మహమ్మారి వంశానికీ, స్థానికంగా ఉన్న విబ్రియోలకూ మధ్య జన్యువుల మార్పిడి జరిగిందనడానికి అది బలమైన ఆధారం. 2024 నాటికి ఈ బహుళ నిరోధక వంశం తూర్పు ఆఫ్రికా దేశాలలోనూ, హిందూ మహాసముద్రంలోని మయోట్ దీవిలోనూ కనిపించింది.

ఇంక్-సి తరగతి ప్లాస్మిడ్‌లు మత్స్యశాస్త్రానికి అపరిచితమైనవి కావు. ఆ కుటుంబానికి దగ్గరి బంధువైన ప్లాస్మిడ్‌ను 1970ల ఆరంభంలో జపాన్‌లో జబ్బుపడిన చేపల నుంచి వేరుచేసిన ఏరోమోనాస్ బాక్టీరియాలో గుర్తించారు. ఏరోమోనాస్ చేపల రైతులందరూ ఎరిగిన శత్రువే.

మందు చేసే ఎంపిక

మందుల ఒత్తిడి ఎంత త్వరగా పనిచేస్తుందో టాంజానియా చూపింది. 1977లో అక్కడ కలరా చికిత్సకే కాక ముందుజాగ్రత్త పేరుతోనూ టెట్రాసైక్లిన్‌ను విచ్చలవిడిగా పంచారు. ఐదు నెలలు తిరిగేసరికి నమూనాలలో మూడు వంతులు ఆ మందుకు లొంగకుండా పోయాయి. జబ్బు లేనివారికి జబ్బు రాకుండా మందు వేయడమనే ఆ పద్ధతినే నేడు అనేక రొయ్యల చెరువుల్లో, కోళ్ల ఫారాల్లో యథాతథంగా చూడవచ్చు.

కలరా చికిత్సకు ప్రాణం యాంటీబయాటిక్ కాదు, నీరూ లవణాలే. 1971లో బంగ్లాదేశ్ శరణార్థులతో నిండిన బనగావ్ శిబిరంలో డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, చక్కెర కలిపిన ద్రావణాన్ని తాగించి, ముప్పై శాతం వరకు ఉన్న మరణాలను నాలుగు శాతం లోపుకు తగ్గించారు. అయినా తీవ్ర రోగులకు యాంటీబయాటిక్ అవసరమే. అది విరేచనాల వ్యవధిని, పరిమాణాన్ని తగ్గిస్తుంది. రోగి ద్వారా బాక్టీరియా నీటిలో కలిసే రోజులను కుదిస్తుంది. సెలైన్ సీసాలు కొరవడిన వరద శిబిరంలో ఆ తేడా ప్రాణాలకు సంబంధించినది. ఇప్పటికీ మొదట సూచించే మందు టెట్రాసైక్లిన్ కుటుంబానికి చెందిన డాక్సీసైక్లినే.

పొలమూ, చెరువూ, ఫారమూ

వరిలో బాక్టీరియా ఆకు ఎండు తెగులుకు, నిమ్మలో గజ్జి తెగులుకు, పత్తిలో నల్లమచ్చ తెగులుకు దశాబ్దాలుగా రైతులు వాడుతున్న స్ట్రెప్టోసైక్లిన్ పొడిలో తొమ్మిది వంతులు స్ట్రెప్టోమైసిన్, ఒక వంతు టెట్రాసైక్లిన్. కలరాకు తొలి మందుగా నిలిచిన కుటుంబం, ఎస్‌ఎక్స్‌టీ మూటలో నిరోధకత నిక్షిప్తమైన మందు, రెండూ ఒకే చిన్న ప్యాకెట్టులో పురుగుమందుల దుకాణంలో దొరుకుతూ వచ్చాయి. వీటి సాగు వాడకాన్ని దశలవారీగా నిలిపివేయాలని కేంద్ర వ్యవసాయ మంత్రిత్వశాఖ 2021 డిసెంబరులో ముసాయిదా ఉత్తర్వు వెలువరించింది. అయితే ఉత్తర్వు కన్నా రైతు ఎక్కువగా నమ్మేది సిఫారసును. కరపత్రాల్లో, పాత పంచాంగాల్లో, దుకాణదారుని నోట ఆ సిఫారసు నిలిచి ఉన్నంతకాలం వాడకమూ నిలిచి ఉంటుంది.

దేశంలో రొయ్యల ఉత్పత్తికి ఆంధ్రప్రదేశ్ అగ్రస్థానంలో ఉంది. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ల వంటివి ఆక్వాలో నిషిద్ధం. అవశేషాలు బయటపడి సరుకు తిరిగొచ్చిన అనుభవం ఎగుమతిదారులకు ఉంది. అందువల్ల ఆక్వా విస్తరణలో యాంటీబయాటిక్ గురించిన మాటలన్నీ అవశేషాల చుట్టూ తిరుగుతాయి. పట్టుబడికి ముందు కొన్ని వారాలు మందు ఆపితే అవశేషం పోవచ్చు. మందు వాడినప్పుడు చెరువు బురదలో ఎంపికైన నిరోధక బాక్టీరియా మాత్రం పరీక్షలో కనబడదు, నీటితోపాటు కాలువలోకి పోతుంది. ఇంతకూ తెల్లమచ్చ వ్యాధి వైరస్ వల్ల, ఈహెచ్‌పీ మైక్రోస్పోరిడియా వల్ల వచ్చేవి. వాటిపై యాంటీబయాటిక్ ఏమాత్రం పనిచేయదు. అయినా రొయ్య మేత తినడం మానితే రైతు చేయి మొదట పోయేది మందు డబ్బా మీదికే.

కోళ్ల రంగంలో కొలిస్టిన్‌ను 2019లో నిషేధించడం మేలైన చర్య. కానీ కోళ్ల ఎరువు కృష్ణా, గోదావరి డెల్టా చేపల చెరువులకు విరివిగా చేరుతోంది. ఫారంలో వాడిన మందు, అక్కడ పెరిగిన నిరోధక బాక్టీరియా రెండూ ఆ బస్తాలలో చెరువుకు చేరతాయి.

అభ్యంతరాలు

కలరా అపరిశుభ్రమైన నీటి వల్ల వచ్చే జబ్బు, దానికి మందు మరుగుదొడ్లు, తాగునీటి పైపులే అన్నది మొదటి అభ్యంతరం. అది సత్యం. రైతు వల్ల కలరా వస్తోందని ఎవరూ అనరాదు. నిరోధకతను పెంచడంలో మనుషులపై విచక్షణ లేకుండా వాడే మందులదే పెద్ద పాత్ర అనడానికి టాంజానియా, యెమెన్ అనుభవాలు చాలు. అయితే శుభ్రమైన నీరు జబ్బును ఆపుతుంది గాని, జబ్బు వచ్చినవాడికి మందు పనిచేయడాన్ని హామీ ఇవ్వలేదు. ఆ రెండో పనిలో నీటిలోకి మందు వదిలే ప్రతి రంగానికీ బాధ్యత ఉంది.

పొలంలో, చెరువులో కలిసే మోతాదు చాలా స్వల్పమన్నది రెండో అభ్యంతరం. స్వల్ప మోతాదే అసలు చిక్కు. బాక్టీరియాను చంపలేని మోతాదు దాని డీఎన్‌ఏను దెబ్బతీసినప్పుడు అత్యవసర మరమ్మతు వ్యవస్థ మేల్కొంటుంది. ఆ వ్యవస్థ మేల్కొన్నప్పుడు ఎస్‌ఎక్స్‌టీ మూట విడివడి ఇతర బాక్టీరియాలకు బదిలీ కావడం పెరుగుతుందని 2004లో వాల్డర్ బృందం నిరూపించింది. ఆ ప్రయోగాల్లో మేల్కొలిపిన మందుల్లో సిప్రోఫ్లోక్సాసిన్ ఒకటి. అంటే కొన్ని మందులు నిరోధకతను ఎంపిక చేయడంతో ఆగవు, దానిని పంచిపెడతాయి కూడా.

పంట పోతే రైతుకు దిక్కెవరన్నది మూడో అభ్యంతరం. ఇది అన్నిటికన్నా న్యాయమైనది. ప్రత్యామ్నాయం చూపకుండా మందు మానుమనడం విస్తరణ కాదు.

చేయదగిన పనులు

ప్రత్యామ్నాయానికి చక్కని ఉదాహరణ తెలుగు నేలపైనే ఉంది. బాపట్ల పరిశోధన స్థానం నుంచి వచ్చిన సాంబ మసూరికి ఆకు ఎండు తెగులు పెద్ద బలహీనత. హైదరాబాదులోని సీసీఎంబీ, వరి పరిశోధన సంస్థ కలిసి ఎక్స్‌ఏ21, ఎక్స్‌ఏ13, ఎక్స్‌ఏ5 అనే మూడు నిరోధక జన్యువులను అందులో చేర్చి, మెరుగైన సాంబ మసూరిగా 2008లో విడుదల చేశాయి. ఆ విత్తనం అందిన రైతుకు యాంటీబయాటిక్ ప్యాకెట్టు అవసరం ఉండదు. ఒక జన్యువు చేయగల పనిని మందుకు అప్పగించడం మానుకోవాలి. తెగులు ఉన్న ప్రాంతాల్లో నారు కొసలు తుంచకపోవడం, నత్రజనిని దఫాలుగా వేయడం, తెగులు కనిపించినప్పుడు నత్రజని ఆపి నీరు తీసివేయడం వంటి పాత సూచనలకు ఈ కొత్త కారణాన్ని జోడించి చెప్పాలి.

విశ్వవిద్యాలయాలు తమ పంటల సిఫారసుల పుస్తకాలను ఒకసారి ఆసాంతం పరిశీలించి, యాంటీబయాటిక్ పేరున్న ప్రతి పంక్తినీ తొలగించడమో, దాని స్థానంలో ప్రత్యామ్నాయం చేర్చడమో చేయాలి. కృషి విజ్ఞాన కేంద్రాలు, ఏరువాక కేంద్రాలు ఆ మార్పును దుకాణదారులకు కూడా చేరవేయాలి. అనేక గ్రామాల్లో తొలి సలహాదారు అతడే.

ఆక్వా ప్రయోగశాలల పాత్ర మరింత విలువైనది. చెరువు నీటిలో విబ్రియోలను లెక్కించడానికి అవి వాడే టీసీబీఎస్ మాధ్యమం మొదట కలరా బాక్టీరియాను వేరుచేయడానికి రూపొందినదే. ఆకుపచ్చ కాలనీలు ప్రమాదకరమనీ, పసుపు కాలనీలతో భయం లేదనీ రైతుల్లో ఒక అభిప్రాయం పాతుకుపోయింది. విబ్రియో కలరే ఆ మాధ్యమంపై పసుపు కాలనీలుగానే పెరుగుతుంది. పసుపు కాలనీలన్నీ కలరావి కావు, వాటిలో చాలామటుకు ఇతర విబ్రియోలే. అయినా రంగు చూసి తృప్తిపడకుండా, కొన్ని కాలనీలనైనా టెట్రాసైక్లిన్, సిప్రోఫ్లోక్సాసిన్, అజిత్రోమైసిన్ బిళ్లల పక్కన పెంచి చూస్తే ఆ ప్రాంతపు నీటిలో నిరోధకత ఏ స్థాయిలో ఉందో తెలుస్తుంది. ఖర్చు స్వల్పం. స్నాతకోత్తర విద్యార్థులకు అది ఉపయోగకరమైన పరిశోధనాంశం. ఆ ఫలితాలను జిల్లా ఆరోగ్య అధికారులతో పంచుకునే ఏర్పాటు ఉంటే, వరదల కాలంలో ఏ మందు నిల్వ ఉంచాలో వారికి ముందే ఒక అంచనా ఏర్పడుతుంది.

విద్యార్థులకు బోధించే తీరులోనూ మార్పు అవసరం. మొక్కల తెగుళ్లు, చేపల ఆరోగ్యం, పశువైద్యం, ప్రజారోగ్యం వేర్వేరు గదుల్లో బోధిస్తున్న విషయాలు. ఎస్‌ఎక్స్‌టీ మూటకు ఆ గోడలు తెలియవు.

మరిడిని పొలిమేరలో ఆపాలనుకున్న పూర్వులు గుడి కట్టారు, జాతర చేశారు. నేటి పొలిమేర కాలువ తూము దగ్గర, చెరువు గట్టు దగ్గర ఉంది. అక్కడికి నిత్యం వెళ్లేది వైద్యుడు కాదు, విస్తరణ శాస్త్రవేత్త. ఏ మందు నీటిలోకి దిగాలి, ఏది దిగకూడదు అని రైతుతో మాట్లాడే అవకాశం మొదట లభించేది అతనికే.